శునకముతో కొండదారి: శాన్ ఫ్రాన్సిస్కో తీరపు కథ

కొండను, కడలిని ఒక్కచోట చూడవలెనన్నచో మన ఆంధ్రులకు ముందుగా స్మరణకు వచ్చునది విశాఖపట్నము. ఒకవంక డాల్ఫిన్ నోస్, మరియొకవంక కైలాసగిరి, నడుమ నురుగులు గ్రక్కు అలలు. అమెరికా దేశపు పడమటి తీరమునందలి శాన్ ఫ్రాన్సిస్కో నగరమును చూడనివారు ఈ విశాఖ రూపమునే మనస్సులో నిలుపుకొని, నడివేసవియందు సైతము దానిని పొగమంచు కప్పియున్నట్లు భావించుకొన్నచో చాలును. మూడు ప్రక్కల నీటిచేత చుట్టబడిన ఆ నగరమునకు ఉత్తరమునను, దక్షిణమునను సముద్రమువెంబడి కొండదారులు మైళ్ళకొలది సాగిపోవుచున్నవి. సెలవుదినము వచ్చినదనగా నగరవాసులు గట్టి జోళ్ళు తొడుగుకొని, పెంపుడు కుక్కను వెంటబెట్టుకొని ఆ దారులపై నడచుట అక్కడ పాత అలవాటు. సిలికాన్ లోయలో ఉద్యోగములు చేయు మన తెలుగు కుటుంబములవారును ఆ దారులలో నేడు కానవచ్చుచున్నారు.

అయితే అన్ని దారులును కుక్కకు తెరచియుండవు. ఒక దారిలో అది స్వేచ్ఛగా పరుగెత్తవచ్చును. రెండవ దారిలో ఆరడుగుల తాడునకు కట్టుబడి నడువవలెను. మూడవ దారిలో అడుగే పెట్టరాదు. ఈ భేదమును నిర్ణయించినది కొండల ఎత్తును కాదు, అడవుల దట్టమును కాదు. ఆ నేల పూర్వము ఎవరి చేతిలో ఉండెను, ఎట్లు చేతులు మారెను అను చరిత్రయే దీనికి మూలము. ఆ చరిత్రను నేడు మనము కొంత పరిశీలింతము.

ఆ నగరమునకు కుక్కలపై గల మమకారము క్రొత్తది కాదు. 1848లో కాలిఫోర్నియాలో బంగారము బయల్పడిన పిమ్మట, కుగ్రామముగా ఉండిన ఆ రేవు కొద్ది యేండ్లలో పట్టణమయ్యెను. ఓడలతోపాటు ఎలుకలును దిగెను. ఎలుకలను పట్టుటలో ఆరితేరిన బమ్మర్ అను ఊరకుక్కయు, దాని స్నేహితుడైన లాజరస్ అను మరియొక కుక్కయు 1860ల ఆరంభములో నగరమందంతటను ప్రసిద్ధి కెక్కినవి. వాని చేష్టలను పత్రికలు వార్తలుగా ప్రకటించెడివి. యజమాని లేని కుక్కలను పట్టుకొనిపోవు శాసనము అప్పటికే అమలులో ఉండెను. 1862లో లాజరస్ పట్టువడగా ప్రజలు గుమిగూడి దానిని విడువవలెనని పట్టుబట్టిరి. నగరపాలకులు ఆ కుక్కను విడుచుటయే గాక, ఆ జంటను శాసనమునుండి మినహాయించిరి. 1863లో లాజరస్‌యు, 1865లో బమ్మరును మరణించినవి. బమ్మర్ మృతినిగూర్చి మార్క్ ట్వైన్ సైతము వ్రాసెను. శాసనము ఒకటి, ప్రజల ఆదరము వేరొకటి అయినప్పుడు ఆ నగరము ఏ వంక మ్రొగ్గునో ఈ చిన్న ఉదంతమువలననే తెలియుచున్నది.

ఇక కొండల మాట. ఇంత పెద్ద నగరమునకు ఇంత చేరువలో ఇంత నేల ఇండ్లు లేక ఎట్లు మిగిలినది? దానికి సమాధానము సైన్యము. గోల్డెన్ గేట్ అను జలద్వారమునుండియే ఓడలు లోపలి అఖాతమునకు రావలెను. ఆ ద్వారమును కాపాడుటకై స్పెయిన్ దేశీయులు 1776లో ప్రెసిడియో అను సైనిక స్థావరమును నెలకొల్పిరి. తరువాత మెక్సికోకును, ఆపై అమెరికాకును అది సంక్రమించెను. అమెరికా సైన్యము ద్వారమునకు ఇరువైపుల కొండలను ఆక్రమించుకొని, శిఖరములపై ఫిరంగులు నిలిపి, క్రింద సొరంగములు త్రవ్వెను. ఆ ఫిరంగులలో ఏ ఒక్కటియు శత్రువుపై ప్రేలలేదు. కాని సైన్యము కంచె వేసియుండుటచేత ఆ కొండలపై ఇండ్లు వెలయలేదు. యుద్ధమునకై దాచిన నేల శాంతికాలమునందు ప్రజలకు దక్కినది.

నగరపు నైరృతి మూలనున్న ఫోర్ట్ ఫన్‌స్టన్ ఇందుకు మంచి ఉదాహరణము. 1906 ఏప్రిల్‌లో భూకంపముచేతను, అగ్నిచేతను నగరము నాశనమైనప్పుడు అక్కడి సైన్యమునకు అధిపతిగా నిలిచిన ఫ్రెడరిక్ ఫన్‌స్టన్ పేరు దానికి పెట్టిరి. సముద్రముపై సుమారు 200 అడుగుల ఎత్తున ఇసుక గట్లు నిటారుగా నిలిచియుండును. 1930లలో ఇచ్చట 16 అంగుళముల భారీ ఫిరంగులకు కాంక్రీటు కోట కట్టిరి. 1950లలో విమానములను కూల్చు నైక్ క్షిపణులను నిలిపిరి. సైన్యము తొలగిన తరువాత ఆ ఇసుకతిన్నెలు నగరవాసుల కుక్కలకు పరుగుల మైదానమైనవి. ఆ గట్టుమీదినుండియే సాహసికులు రెక్కలు కట్టుకొని గాలిలో తేలుచుందురు. క్రింద కాంక్రీటు కోట ప్రక్కనే కుక్కలు బంతులవెంట పరుగెత్తుచుండును.

ద్వారమునకు దక్షిణపుటంచుననున్న లాండ్స్ ఎండ్ దారి కథ వేరు. గనులవలన ధనము గడించి, తరువాత నగరమునకు మేయరైన అడాల్ఫ్ సూత్రో 1881లో క్లిఫ్ హౌస్ అను విహారగృహమును కొనెను. సామాన్యులు సముద్రతీరమునకు తక్కువ ఖర్చుతో చేరవలెనని అతని ఆశయము. 1888లో కొండ చరియను తొలిచి ఆవిరి రైలుదారి వేసిరి. 1896లో సముద్రజలముతో నిండు పెద్ద స్నానశాలలు తెరచిరి. 1925లో కొండ విరిగిపడుటచే ఆ రైలుదారిని విడిచిపెట్టిరి. స్నానశాలలు 1966లో అగ్నికి ఆహుతియైనవి. రైలుపట్టాలు పోయినను రైలుకట్ట మిగిలినది. నేడు జనులు కుక్కలతో నడచు వెడల్పైన, సమతలమైన దారి చాలవరకు ఆ రైలుకట్టయే. కొండ అంచున అంత సుఖమైన బాట ఎట్లు వచ్చెనా అని ఆశ్చర్యపడువారికి సూత్రో కాలపు రైలు సమాధానము చెప్పును.

జలద్వారమునకు ఉత్తరమున, 1937లో కట్టిన ప్రసిద్ధమైన వంతెనకు ఆవల, మెరిన్ హెడ్‌లాండ్స్ అను కొండలు కలవు. 1964లో థామస్ ఫ్రూజ్ అను నిర్మాత గల్ఫ్ ఆయిల్ కంపెనీ ధనసహాయముతో అక్కడ మెరిన్‌చెల్లో అను క్రొత్త నగరము కట్టుటకు పూనుకొనెను. ముప్పదివేలమంది జనాభా, ఎత్తైన మేడలు, అంగళ్ళు, అన్నియు పటములో సిద్ధమైనవి. దారి త్రవ్వుట మొదలైనది. స్థానికులు కోర్టులకెక్కి, సంతకములు సేకరించి, యేండ్ల తరబడి ఎదిరించిరి. తుదకు 1972లో గల్ఫ్ కంపెనీ ఆ నేలను ప్రకృతి పరిరక్షణ సంస్థయొకదానికి 65 లక్షల డాలర్లకు అమ్మివేసెను. ఆ కలల నగరమునకై త్రవ్విన దారి నేడు మెరిన్‌చెల్లో కాలిబాట అను పేర మిగిలియున్నది.

అదే కాలములో నగరమునందు వేరొక ఉద్యమము పుట్టెను. ఫోర్ట్ మైలీ అను పాత సైనికస్థలములో ప్రభుత్వము దస్తావేజుల భవనము కట్టదలచినదని విని, ఆ పొరుగుననే నివసించు అమీ మేయర్ అను గృహిణి ఇరుగుపొరుగువారిని కూడగట్టెను. వైద్యుడైన ఎడ్గర్ వేబర్న్ ఆమెకు తోడయ్యెను. కాంగ్రెసు సభ్యుడు ఫిలిప్ బర్టన్ వారి కోరికను బిల్లుగా మలచెను. 1972 అక్టోబరు 27న అధ్యక్షుడు నిక్సన్ సంతకముతో గోల్డెన్ గేట్ జాతీయ విహారభూమి ఏర్పడెను. ఈ మహాకార్యమునకు మూలబలము అధికారులు కారు. ప్రతిదినము ఆ దారులలో నడచుచుండిన సామాన్యులు. వారిలో కుక్కల యజమానులును అనేకులు. ఈ విషయమును మనము గుర్తుంచుకొనవలెను. తరువాతి వివాదమంతయు దీని చుట్టునే తిరిగినది.

నగరమునకు చెందిన తీరభూములను జాతీయ ప్రభుత్వమునకు అప్పగించుటకు ఓటర్లు 1973లో సమ్మతించిరి. 1975లో ఫోర్ట్ ఫన్‌స్టన్, ఓషన్ బీచ్, లాండ్స్ ఎండ్ మొదలైనవి చేతులు మారినవి. ఆ నేల విహారమునకే వినియోగింపబడవలెనన్నది షరతు. ఇక్కడ చిక్కు పుట్టినది. అమెరికా జాతీయ ఉద్యానములన్నింట ఒక సామాన్య నియమము కలదు. పెంపుడు జంతువును ఆరడుగులకు మించని తాడుతో పట్టియుంచవలెను. కాని ఈ తీరమందు కుక్కలు అంతకుముందునుండియు విడిగా తిరుగుచునే యున్నవి. పాత అలవాటును ఒక్క కలముపోటుతో త్రోసివేయుట న్యాయమా? పౌరుల సలహాసంఘము సభలు జరిపి, వాదములు విని, ఒక మధ్యేమార్గము సూచించెను. 1979లో అది విధానముగా అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము ఫోర్ట్ ఫన్‌స్టన్, లాండ్స్ ఎండ్, క్రిస్సీ ఫీల్డ్, ఓషన్ బీచ్, మెరిన్ కొండలలోని కొన్ని దారులు మొదలైనచోట్ల, యజమాని పిలుపునకు లోబడు కుక్కను తాడు లేక తిప్పవచ్చును. తక్కినచోట్ల తాడు తప్పనిసరి, లేదా ప్రవేశమే నిషిద్ధము.

ఒక్క టామల్‌పైస్ కొండను చూచినచో ఈ భేదము స్పష్టమగును. నగరమునకు ఉత్తరమున 2,571 అడుగుల ఎత్తున నిలిచిన ఆ కొండ ఒక్కటియే యైనను దానికి యజమానులు పలువురు. 1912లో ఏర్పడిన మెరిన్ నీటి సరఫరా సంస్థవారి చెరువులు, అడవులు ఒక వైపున కలవు. అక్కడ తాడుతో కుక్కను తీసికొనిపోవచ్చును. ప్రక్కనే రాష్ట్ర ఉద్యానము. అక్కడి కొండదారులలో కుక్కకు ప్రవేశము లేదు. క్రింది లోయలో మ్యూర్ వుడ్స్. ఆకాశమునంటు రెడ్‌వుడ్ వృక్షముల ఆ వనమును విలియమ్ కెంట్ దంపతులు కొని, దేశమునకు దానమీయగా, 1908లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ జాతీయ స్మారకముగా ప్రకటించెను. అక్కడను కుక్క పనికిరాదు. ఒకే దారి ఒక చెట్టునొద్ద యజమానిని మార్చును. మనుష్యునకు ఆ సరిహద్దు కానరాదు. కుక్కకు మాత్రము అక్కడితో ప్రయాణము ముగియును. నగరమునకు దక్షిణముననున్న స్వీనీ రిడ్జ్ అను కొండపై 1769 నవంబరులో గాస్పర్ ద పొర్తోలా అను స్పెయిన్ సేనాని బృందము తొలిసారి శాన్ ఫ్రాన్సిస్కో అఖాతమును చూచెను. ఆ చారిత్రక శిఖరమునకు నేడు కుక్కయు ఎక్కవచ్చును. అయితే తాడుతోనే.

ఇంతవరకు కథ మనుష్యులకును, నియమములకును సంబంధించినది. 1993లో మూడవ పాత్ర ప్రవేశించెను. స్నోవీ ప్లవర్ అను చిన్న తీరపు పక్షిని అమెరికా ప్రభుత్వము ఆ సంవత్సరము ప్రమాదమునకు లోనైన జాతిగా ప్రకటించెను. అది పిచ్చుకకన్న కొంచెము పెద్దది. ఇసుక రంగులోనే ఉండును. కాలిగుంటలలో, అలలు విసరిన నాచుచాటున కదలక కూర్చుండును. చలికాలపు నెలలు ఈ తీరమందు గడపి, గ్రుడ్లు పెట్టు ఋతువునకు ఇతర స్థలములకు పోవును. కుక్క దానిని కరువనక్కరలేదు. ఆటకై తరిమినను చాలును. బెదరి ఎగిరిన ప్రతిసారియు, తిండి తిని కూడబెట్టుకొన్న శక్తి కొంత వ్యయమగును. దినమునకు అనేక పర్యాయములు ఎగురవలసివచ్చిన పక్షి చలికాలమును దాటుట కష్టము. ఫోర్ట్ ఫన్‌స్టన్ ఇసుక గట్లలోనేమో బొరియలు త్రవ్వి గూడు కట్టుకొను వానకోవెల జాతి పిట్టలు కలవు. పూర్వము విమానాశ్రయముగా ఉండిన క్రిస్సీ ఫీల్డులో కాంక్రీటు తొలగించి, 2001 నాటికి ఉప్పునీటి మడుగును పునరుద్ధరింపగా అక్కడికిని పక్షులు మరల చేరినవి.

ఇక తగవు ముదిరినది. 2000లో పిట్టలకొరకై ఫోర్ట్ ఫన్‌స్టన్‌లో కొంత భాగమునకు కంచె వేయగా, కుక్కల యజమానులు కోర్టుకు పోయిరి. ప్రజలకు ముందుగా తెలుపక మూయుట తగదని కోర్టు ఆపెను. తరువాత ప్రజాభిప్రాయము సేకరించి అధికారులు ఆ భాగమును మూసిరి. 2001లో 1979 నాటి విధానమే దేశపు నియమమునకు విరుద్ధమని, ఇకపై తాడు అంతటను తప్పదని ప్రకటించిరి. క్రిస్సీ ఫీల్డులో తాడు లేక కుక్కను తిప్పిన కొందరికి శిక్షాపత్రములిచ్చిరి. ఆ వ్యాజ్యమున 2005లో ఫెడరల్ న్యాయస్థానము, ఇరువది యేండ్లకు పైగా సాగిన అలవాటును మార్చదలచినచో ప్రజలకు ప్రకటించి, వారి అభిప్రాయమును విని, విధి ప్రకారము నియమము చేయవలెనని తీర్పు చెప్పెను. కుక్కకు హక్కు కలదని న్యాయస్థానము చెప్పలేదు. ప్రజలను అడుగకుండ మార్చుట కూడదని మాత్రమే చెప్పినది.

అడుగుట మొదలైనది. 2006లో ఉభయపక్షములవారిని ఒక సంఘముగా కూర్చుండబెట్టిరి. చాలవరకు స్థలములగూర్చి వారికి పొత్తు కుదురలేదు. 2011లో పర్యావరణ నివేదిక చిత్తుప్రతి, 2013లో దాని అనుబంధము, 2016లో నియమముల ముసాయిదా వెలువడినవి. సభలు క్రిక్కిరిసినవి. తుదకు 2017లో ఆ ప్రయత్నమునంతయు ప్రభుత్వము విరమించుకొనెను. పదునైదేండ్ల పైబడిన ఈ శ్రమ తరువాత అక్కడి కుక్కల నడక ఇప్పటికిని ప్రధానముగా 1979 నాటి విధానముపైననే నడచుచున్నది.

మన భారతకథలో ధర్మరాజు మహాప్రస్థానమునందు వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమున అడుగుపెట్టుటకు నిరాకరించెను. కుక్కల యజమానులు తమను ఆ ధర్మరాజు వారసులుగా భావించుకొన్నచో ఆశ్చర్యము లేదు. కాని ఆ కథలో ధర్మరాజు చెప్పిన కారణమును మనము మరువరాదు. తన్ను ఆశ్రయించిన దానిని విడుచుట పాపమని కదా అతని వాదము. తీరపు ఇసుకను ఆశ్రయించిన ఆ చిన్న పక్షియు ఆశ్రితమే. కుక్కకైనను మాటలాడు యజమాని కలడు. పక్షి సభకు రాజాలదు, అర్జీ పెట్టజాలదు. ధర్మము ఇరువైపులను ఉన్నప్పుడు నిర్ణయము కష్టమగుట సహజము.

అయినను ఈ దీర్ఘ వివాదమున ఒక చిన్న నియమము మాత్రము నిలిచినది. 2008లో అది స్థిరపడెను. క్రిస్సీ ఫీల్డు, ఓషన్ బీచ్‌లలో పక్షులు చేరు భాగములందు జులై 1 మొదలు మే 15 వరకు కుక్కకు తాడు ఉండవలెను. అనగా పక్షులు ఆ తీరమందుండు పదిన్నర నెలలు కుక్క ఒదిగి నడచును. పక్షులు లేని ఆరు వారములు విడిగా పరుగెత్తవచ్చును. ఈ నియమము పక్షి రాకపోకలను చూచి వ్రాసినది. దానికి కారణమును ఏ బాలునికైనను ఇసుకపై నిలబడి చూపవచ్చును. అందుచేతనే అది నిలిచినదని మాకు తోచుచున్నది. అన్ని దారులకును ఒకే కొలత పెట్టజూచిన పెద్ద ప్రయత్నము చెదరిపోయినది. ఒక స్థలమును, ఒక ప్రాణిని, ఒక ఋతువును చూచి పెట్టిన చిన్న నియమము మిగిలినది.

ఇంకొక వింతయు జరిగినది. 2000ల ఆరంభములో, నక్కను పోలిన కయోటీ అను అడవి జంతువు నగరమునకు మరల వచ్చి ప్రెసిడియోలో కాపురముండెను. అది పిల్లలను పెట్టు కాలములో తన తావునకు వచ్చు కుక్కను తరుమును. అందుచేత వసంతము మొదలు కొన్ని నెలలు అక్కడి కొన్ని దారులలో కుక్కలకు ప్రవేశము నిలుపుదల చేయుచున్నారు. ఇచ్చట నియమము కాపాడునది కయోటీ పిల్లలను మాత్రమే కాదు, పెంపుడు కుక్కను కూడ. ఈ నియమముపట్ల నడచువారికి అంతగా కోపము లేకపోవుటలో వింత లేదు.

కొండదారి ఎవరిది అను ప్రశ్న మనకును దూరమైనది కాదు. పట్టణములు పెరిగి కొండలను చుట్టుముట్టుచున్న ఈ దినములలో మన తీరపు కొండలపైనను నడచువారు, పెంపుడు జంతువులు, అడవి ప్రాణులు ఒకే బాటపై ఎదురుపడుచున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో చరిత్రనుండి మనము గ్రహింపదగినది ఇంతే: దారిని ప్రేమించి నడచువారు లేనిచో దారియే మిగులదు, మెరిన్ కొండలపై మేడలు వెలసియుండెడివి. నడచువారు తమ ప్రక్కనున్న మూగప్రాణిని లెక్కింపనిచో దారి మిగిలినను, అందు చూడదగినది మిగులదు. కుక్క మెడకు కట్టిన ఆ ఆరడుగుల తాడును యజమాని సంకెలగా తలపనక్కరలేదు. ఎదుట ఇసుకలో ఒక పిట్ట కూర్చుండియున్నదని ఎరిగినవాడు అడుగకముందే దానిని చేతికి చుట్టుకొనును.